ఖాళీ అన్న ట్యాంకు

సెప్టెంబర్ 12, సోమవారం

పాత వెల్డింగు ట్రాన్స్‌ఫార్మరును తుక్కువాడు బండి మీద కట్టుకుని పోయాడు. గేదెంత బరువు. నా వయసంతా దాని పక్కనే గడిచింది. హిందురావు గేటు దాకా కూడా రాలేదు.

దాని చోట టిఫిన్ పెట్టె అంత మెషిను వచ్చింది. స్టిక్ వెల్డింగూ టిగ్ వెల్డింగూ రెండూ దానితోనే.

"తాత్యా, ఒంటిచేత్తో ఎత్తొచ్చు చూడండి," అన్నాడు హిందురావు, పెళ్ళికూతురిని చూపిస్తున్నట్టు. పెద్దవాణ్ణని షెడ్డులో అందరూ నన్ను తాత్యా అనే పిలుస్తారు.

"ఒంటిచేత్తో ఎత్తేదాన్ని ఒంటిచేత్తో ఎత్తుకుపోతారు కూడా," అన్నాను.

నవ్వాడు. అది గిరాకీల కోసం నేర్చుకున్న నవ్వు. పాల ట్యాంకులు చేసే ఈ షెడ్డు పెట్టినప్పుడు పెట్టుబడి హిందురావుది, చెయ్యి నాది అనుకున్నాం. బోర్డు మీద చౌగులే అని ఆయన ఇంటిపేరు ఒక్కటే ఉంది. దత్తోబా లోహార్ అన్న నా పేరు పాలసంఘం వాళ్ళ నోట ఉందిలే, బోర్డు మీద ఎందుకు అన్నాడు. నమ్మాను.

దాన్ని నిలబెట్టేసరికి సాయంత్రమైంది. నా దగ్గర పని నేర్చిన కేర్బా గోడకి ఆనించి పెట్టాడు. మూరెడు ఇవతలికి జరిపించాను, వెనక ఫ్యానుకి గాలి ఆడాలి. సానబట్టే బల్లకు దూరంగా తీయించాను, ఇనుప రజను లోపలికి పోతే నెల తిరక్కుండా చస్తుంది. ప్లగ్గు మూడో కాలికి తీగే లేదు. కొత్త సాకెట్టు వేయించి, విడిగా ఎర్త్ తీగ బయట ఉప్పూ బొగ్గూ పోసిన గుంట దాకా లాగించాను.

"రేపు చూద్దాం తాత్యా, చీకటి పడింది," అన్నాడు హిందురావు.

"రేపటి దాకా ఆ మూడో కాలు మీరు పట్టుకుని నిలబడతారా?"

టిగ్‌కి వాడే ఆర్గాన్ గ్యాసు సిలిండరును స్తంభానికి గొలుసుతో కట్టించాను. పడితే దాని మెడ విరుగుతుంది, తర్వాత మనది.

మెషిను మీద అంకెలు చీమలబారులా వేశారు. కేర్బా చేత చదివించాను, వాడికి అలవాటు కావాలని.

సెప్టెంబర్ 14, బుధవారం

రెండు పనులకీ ఒకటే మెషిను అయితే వచ్చే చిక్కు ఇదే. స్టిక్‌కి కడ్డీ పట్టుకునే హోల్డరు ప్లస్సుకి తగిలించాలి. టిగ్‌కి మంట పుట్టించే టార్చి మైనస్సుకి. మార్చడం మరిచి టిగ్ ముట్టించావా, టార్చిలో సూదిలా చెక్కిన టంగ్‌స్టన్ మొన కరిగి శనగగింజ అవుతుంది. కేర్బా మొదటి రోజే మూడు గింజలు చేశాడు.

ఇంటికొచ్చి మా ఆవిడ అక్కాతాయి చేతి నుంచి రెండు గాజులు అడిగాను.

"ఈ వయసులో ఎవరికి?"

"మెషినుకి."

ఒక పచ్చది, ఒక ఎర్రది తీసిచ్చింది. పచ్చ గాజు మెషిను పిడికి వేలాడితే టిగ్, ఎర్రదైతే స్టిక్. తీగలు మార్చినవాడే గాజూ మార్చాలి. ఇంకొకడు ముట్టకూడదు. అంకెలు చదవనక్కర్లేదు, దూరం నుంచే తెలుస్తుంది. కేర్బా తెగ సంబరపడ్డాడు. "తాత్యా, వహినీ గాజు చూస్తే భయమేస్తుంది, ఇక తప్పు చెయ్యను," అన్నాడు. అక్కాతాయి వాడికి వహినీ, అంటే వదిన.

కేర్బా చెరకు బండి దిగి నా దగ్గరికి వచ్చినప్పుడు మీసం కూడా లేదు. ఇప్పుడు ఇద్దరు పిల్లలు. ఎడమచేతివాటం. అతుకు మీద వచ్చే అలలు వాడివి నా అలలకి ఎదురు తిరిగి ఉంటాయి. చేపపొలుసు ఎటు నుంచి ఎటు పేర్చారో తెలిసినట్టు, ఏది ఎవరి కుట్టో వేలితో తడిమి చెప్తాను.

సెప్టెంబర్ 20, మంగళవారం

పాలసంఘానికి కొత్త ట్యాంకు. మూతి చుట్టూ కుట్టు నేనే వేశాను. ముత్యాల వరస. కేర్బా వంగి చూసి, వేలితో ఒకసారి చుట్టూ తడిమాడు. తర్వాత "మీ చెయ్యి ఇంకా అలాగే ఉంది తాత్యా," అన్నాడు.

వాడు ఈమధ్య పొద్దుపోయాక గానీ ఇల్లు చేరడం లేదట. వాడి పెళ్ళాం అక్కాతాయితో చెప్పుకుంది. ఓవర్‌టైమ్ యావ.

వాచనాలయం మానేశాను. అక్కడ చరిత్ర అరలో నేను చదవని పుస్తకం లేదు. కొత్తవి చదవబుద్ధి కాదు. కాగితం మిగల్చడానికి అక్షరాలు నలిపేస్తున్నారు. పైగా అక్కడి బల్బులు.

సెప్టెంబర్ 27, మంగళవారం

హిందురావుతో గొడవ. కేర్బా ట్యాంకు లోపల ఉండగా బయట కూర్చున్న నన్ను టీకి పిలిచాడు.

మా షెడ్డులో లోపలికి దిగినవాడి నడుముకి తాడు ఉంటుంది, బయట ఒకడు ఉంటాడు. బయటివాడు కొయ్యసుత్తితో రెండు దెబ్బలు కొడతాడు, లోపలివాడు రెండు కొట్టి బదులిస్తాడు. బదులు రాలేదా, తాడు లాగడమే. బయటి నుంచి దెబ్బ రాలేదా, లోపలివాడు పని వదిలేసి బయటికి రావాలి. ఆర్గాన్‌కి వాసన ఉండదు, రంగుండదు. గాలి కంటే బరువు, పల్లంలో నీళ్ళలా నిలుస్తుంది. అది నిండిన చోట మనిషి ఊపిరి ఆడటం లేదని కూడా తెలియకుండా పడిపోతాడు. ఇది హిందురావుకి చెప్పీ చెప్పీ నా నాలుక అరిగింది.

"ఒక్క గుటకేగా తాత్యా!"

"వాడికీ ఒక్క గుటకే."

అక్టోబర్ 3, సోమవారం

అక్కాతాయి మళ్ళీ కంటి డాక్టరు పాట ఎత్తింది. కంచం తోసేశాను. జొన్న భాకరీ నేల మీద పడింది. ఆవిడే తీసుకుంది.

అక్టోబర్ 4, మంగళవారం. ఖండే నవమి

పనిముట్ల పూజ. దసరా తెల్లారాక పూలు తీసేదాకా పూజ చేసిన పనిముట్టును ఎవరూ ముట్టరు. పురోహితుడికి ఇంకా నాలుగు షెడ్లు ఉన్నాయట, ఒకటే తొందర. హిందురావు ఆయన వెనక, మేము హిందురావు వెనక.

మధ్యాహ్నం దాకా కేర్బా ట్యాంకు లోపల టిగ్ చేస్తున్నాడు. బయట ట్యాంకు కాళ్ళకి నాలుగు అతుకులు మిగిలాయి, అవి స్టిక్‌తో వెయ్యాలి. వాడు పైకొచ్చి టార్చి తీగ మెషిను నుంచి ఊడదీశాడు, హోల్డరు తగిలించాడు, ఎర్ర గాజు వేశాడు. కాళ్ళు నేను ముగించాను.

"లోపలివన్నీ తీశావా?"

"తీశాను తాత్యా."

దీపం వేసి చూశాను. ఖాళీ.

అక్కాతాయి మెషినుకి బొట్టు పెట్టింది, సిలిండరు మెడ నిండా బంతిపూల దండ వేసింది. పక్క షెడ్డులో డోలు. అందరం కోవా పేడాలు తిన్నాం.

అక్టోబర్ 5, బుధవారం. దసరా

కేర్బా బతికాడు.

అక్టోబర్ 6, గురువారం

నిన్న ఒక్క ముక్క రాసి డైరీ మూసేశాను. ఇవాళ వరసగా రాస్తాను. తర్వాత ఎవడేం కల్పిస్తాడో.

పొద్దున్నే షెడ్డుకి వెళ్ళాను. సోనం, అంటే బంగారం, అంటూ అందరూ ఆప్టా ఆకులు ఇచ్చి కాళ్ళకి మొక్కుతున్నారు. కేర్బా కనబడలేదు. నేను దండం పెట్టించుకుంటూ ట్యాంకు పక్కకి పోయి, ఊరికే, అలవాటు కొద్దీ, కొయ్యసుత్తితో రెండు దెబ్బలు కొట్టాను. ఖాళీ ట్యాంకును కొట్టడమేంటని వాళ్ళు నవ్వారు. కొడితే మోగాల్సినట్టు మోగలేదు. లోపల బరువు ఉన్నప్పటి మోత. మళ్ళీ కొట్టాను. బదులు లేదు.

నిచ్చెన ట్యాంకుకి వేసి ఉంది.

"కేర్బా లోపల ఉన్నాడు!" అని అరిచాను. హిందురావు నిచ్చెన ఎక్కి మూతిలో కాలు పెట్టేశాడు. వెనకే ఎక్కి కాలరు పట్టుకుని వెనక్కి ఈడ్చాను. కొత్త చొక్కా చిరిగింది. "దిగితే నువ్వూ అక్కడే పడుకుంటావు!" అన్నాను. ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఆయన్ని నువ్వన్నాను. కంప్రెసరు గాలిపైపు మూతిలోంచి అడుగుదాకా వదిలించాను. సిలిండరు బంతిపూలు పీకి పారేశాను. తెరిచే ఉంది. మూసేశాను. కొక్కెం వేసి, వాడి చొక్కాకి తగిలించి, నలుగురూ లాగితే వచ్చాడు. నడుముకి తాడు కట్టుకోకుండా దిగాడు వెధవ. పెదాలు నేరేడుపండు రంగు. ఎండలో పడుకోబెట్టి ఛాతీ నొక్కగా నొక్కగా దగ్గాడు.

జరిగింది ఇదీ. టార్చి లోపలే ఉంది. దాని కరెంటు తీగ మెషిను నుంచి ఊడదీశాడు కాబట్టి టార్చి చచ్చిందనుకున్నాడు. కానీ గ్యాసు పైపు విడిగా సిలిండరుకే ఉంటుంది, కింద పాలు దిగే రంధ్రం గుండా లోపలికి పోయి ఉంది. టార్చి మీద గ్యాసు మర సరిగా బిగించలేదు. సాయంత్రం సిలిండరు మూయడం కూడా వాడి పనే. ఈలోగా అక్కాతాయి బొట్టూ దండా పెట్టేసింది. పూజ అయిన వస్తువును వాడు ముట్టలేదు. గ్యాసు పోతోందని చూపించే గాజు గొట్టం బంతిపూల కింద. ఆ బుసకొట్టే చప్పుడు డోలు కింద. రాత్రంతా నిండింది.

పొద్దున్నే వాడికి టార్చి గుర్తొచ్చింది. తీశానని నాకు అబద్ధం చెప్పాడు కదా. నేను రాకముందే తీసేద్దామని దిగాడు.

ఆ కాలరు నేను పట్టుకోకపోతే దసరా నాడు రెండు శవాలు.

అక్టోబర్ 9, ఆదివారం

ఆస్పత్రికి వెళ్ళాను. కేర్బా గోడవైపు తిరిగి పడుకున్నాడు. అక్కాతాయి నాకంటే ముందే వచ్చి వాడి మంచం మీద కూర్చుని ఉంది. నేను లోపలికి రాగానే మాటలు ఆపేశారు.

"ఎలా ఉందిరా?"

"బాగుంది తాత్యా." గోడతో చెప్పాడు.

ఇవాళ కోజాగిరి పున్నమి కదా, కలిసి పాలు తాగుదామని తెచ్చాను. అక్కడే పెట్టి వచ్చాను.

అక్టోబర్ 11, మంగళవారం

హిందురావు ఇంటికి వచ్చాడు. ఇంటికొచ్చాడంటేనే అనుమానించాలి. కుర్చీ అంచున కూర్చున్నాడు.

"తాత్యా, సంఘం వాళ్ళు విచారణ అంటున్నారు. తప్పు ఎవరిదో తేలాలట. తేలి, ఆ మనిషి షెడ్డులో లేడని మనం చెప్పకపోతే ట్యాంకుల పని ఆపేస్తారట."

"తేలడానికేముంది? టార్చి వదిలింది కేర్బా."

"కేర్బా అంటాడూ... తాత్యా లోపలికి చూసి ఖాళీ అన్నారు అని."

"వాడు తీశానంటేనే కదా నేను చూసింది!"

"ఆఖరి చూపు మిస్త్రీదే అని రూలు పెట్టింది మీరే కదా తాత్యా." ఎంత మెత్తగా అన్నాడు! "విచారణ అయ్యేదాకా మీరు విశ్రాంతి తీసుకోండి."

అక్కాతాయి ఆయనకి టీ ఇచ్చింది. రెండోసారి కూడా.

పేష్వాల చివరి రోజుల గురించి దొరికినవన్నీ చదివినవాణ్ణి. కోట తలుపు బయటివాడు తీయడు. నా చేతి కింద ఇన్నేళ్ళలో ఒక్క మనిషికి దెబ్బ తగల్లేదు. నాకున్నది ఆ పేరొక్కటే. హిందురావుకి బోర్డు ఉంది, కేర్బాకి వయసు ఉంది. నాకు అది కూడా లేకుండా చేస్తున్నారు.

అక్టోబర్ 12, బుధవారం

దీపం వేసి చూశాను.

అక్టోబర్ 13, గురువారం

దీపం వేసి, మెడ వంచి, లోపలంతా చూశాను. నల్లటి తీగ వంపులో పడి ఉంటే ఎవడికి కనబడుతుంది? ఆ దీపం కూడా హిందురావు కొన్నదే. చౌక సరుకు.

అక్టోబర్ 17, సోమవారం

పాలసంఘం నుంచి ఇనామ్‌దార్ అనే అధికారి వచ్చాడు. కుర్రవాడే, మర్యాద తెలిసినవాడు. నన్ను కూర్చోమన్నాడు. షెడ్డులో అందరూ ఉన్నారు, కేర్బా తప్ప. ఒంట్లో బాగోలేదని రాలేదన్నారు. నాకు ముఖం చూపించలేకే అనుకున్నాను, కొంచెం తృప్తి కూడా పడ్డాను.

జరిగినదంతా చెప్పాను. మెషిను ఎక్కడ పెట్టించానో, ఎర్త్ ఎలా లాగించానో, గాజులు ఎందుకో, తాడు ఎందుకో, దెబ్బలు ఎందుకో. ఇనామ్‌దార్ తలూపుతూ విన్నాడు. "ఇంత పద్ధతిగా నడిపే షెడ్డు నేను చూడలేదు," అన్నాడు. హిందురావు వైపు తిరిగి చూశాను, విన్నావా అన్నట్టు.

"ఆ రోజు మీరు లోపలికి చూశారు, టార్చి లేదు. అంతేనా తాత్యా?"

"అంతే."

హిందురావు గొంతు సవరించుకున్నాడు. "సార్, అదే ట్యాంకు అక్కడే ఉంది. అదే దీపం. తాత్యా ఇంకోసారి చూసి చెప్తే..."

"చూస్తాను," అన్నాను. లేచాను. నిచ్చెన ఎక్కాను. దీపం లోపలికి దించి, ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాను. కొట్టి చూడటం గుర్తు రాలేదు. చూపు గురించి అడిగారు కదా, చూపుతోనే చెప్పాలనుకున్నాను.

"ఖాళీ," అన్నాను. గట్టిగా అన్నాను.

హిందురావు నేలకేసి చూస్తున్నాడు. ఎందుకు మాట్లాడరని నేను అడగబోతుండగా, నా చేతి కింద, ట్యాంకు లోపలి నుంచి, రెండు దెబ్బలు వినిపించాయి.

కేర్బా. అడుగున, నాకు ఎదురుగా, మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉన్నాడట. కదలొద్దని, మాట్లాడొద్దని చెప్పి దింపారట.

నిచ్చెన దిగాను. చెప్పులు వేసుకున్నాను. ఎవరూ ఆపలేదు.

అక్టోబర్ 18, మంగళవారం

రాయడానికి ఏమీ లేదు.

అక్టోబర్ 20, గురువారం

మోసం ఎక్కడ మొదలైందో ఇవాళ తెలిసింది. మా వంటింట్లో.

టీ పోసుకుంటున్నాను. కప్పు పక్కన పోశాను. ఎవరికైనా జరిగేదే. అక్కాతాయి గుడ్డ తెచ్చి తుడిచి, లేవకుండా అక్కడే కూర్చుంది.

"హిందురావుకి ఆ ఉపాయం చెప్పింది నేనే," అంది.

"ఏ ఉపాయం?"

"ట్యాంకులో మనిషిని కూర్చోబెట్టమని."

నా చేతిలో కెటిల్ ఉంది. కింద పెట్టాను.

"మూడేళ్ళుగా చెప్తున్నాను ఏమండీ, కళ్ళు చూపించుకోండని. బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాననుకుని బియ్యం పారేస్తారు. వీధిలో మా తమ్ముడికి నమస్కారం పెట్టి మీరెవరండీ అన్నారు. కుర్రతనంలో అద్దం లేకుండా మంటకేసి చూసి, రాత్రంతా కళ్ళ మీద బంగాళాదుంప చెక్కలు పెట్టుకుని మూలిగింది ఎన్నిసార్లు? నేను చెప్తే కంచం తోస్తారు. నలుగురిలో తేలితే గానీ మీరు ఒప్పుకోరు."

"నలుగురిలో నన్ను కోతిని చేశావు."

"చేశాను."

"కేర్బా చేత అబద్ధం చెప్పించింది ఎవరు?"

తడిగుడ్డ మడత పెట్టింది. "అబద్ధం కాదు. మీరు చూసి ఖాళీ అన్నారు, అది నిజమే. మిగతా సగం చెప్పొద్దన్నాను. ఆస్పత్రిలో నా కాళ్ళు పట్టుకుని ఏడ్చాడు. టార్చి నేనే మరిచాను వహినీ, తాత్యాతో అబద్ధమాడాను, అంతా చెప్పేస్తానన్నాడు. వద్దన్నాను. నువ్వు చెప్తే నీ ఉద్యోగం పోతుంది, ఈయన మళ్ళీ ఆ నిచ్చెన ఎక్కుతారు అన్నాను. ఇవాళ వాడు పడ్డాడు, బయట మీరున్నారు. రేపు మీరు పడితే చప్పుడు విని చెప్పడానికి బయట మీలాంటివాడు ఎవడున్నాడు?"

ఆవిడ ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. కప్పు కడిగి మళ్ళీ టీ పోసి నా చేతికిచ్చింది, కప్పు చెవి నా వేళ్ళకి తగిలేలా తిప్పి. ఎన్నాళ్ళుగా అలా తిప్పి ఇస్తోందో.

గాజులు కూడా అడగ్గానే ఎందుకిచ్చిందో ఇప్పుడు తెలిసింది. అంకెలు చదవలేకే గాజులు కనిపెట్టానని ఆవిడకి అప్పుడే తెలుసు.

ఇంట్లో వేగు.

అక్టోబర్ 24, సోమవారం. దీపావళి

అక్కాతాయి వండిన చక్లీలు ముట్టలేదు.

అక్టోబర్ 29, శనివారం

కేర్బాని హెడ్ మిస్త్రీని చేశారట. సంఘానికి నా పేరు రాసిచ్చారట. వయోభారం వల్ల జరిగిన పొరపాటు అని. వయోభారం! ఆ మాట హిందురావుకి తెలియదు, ఎవరో రాసిపెట్టారు.

నవంబర్ 5, శనివారం

కంటి ఆపరేషన్‌కి ఒప్పుకున్నాను. అక్కాతాయి దేవుడికి దీపం పెట్టింది. నేను ఒప్పుకున్నది ఆవిడ కోసం కాదు. ఈ మనుషుల ముఖాలు ఒక్కసారి సరిగ్గా చూడాలి.

నవంబర్ 11, శుక్రవారం

కట్టు విప్పారు. కుడికన్ను. అక్కాతాయి ముసలిదైపోయింది. నర్సు బల్ల మీది కాగితం చూపించి చదవమంది. కింది వరస దాకా చదివేశాను. ఇంటికొచ్చి ఈ డైరీ తీశాను. ఒక్క వాక్యమూ గీత మీద లేదు. దసరా నాటి రాత సగం నవమి రాత మీదే ఎక్కింది. అదేదో తాగుబోతు రాసినట్టుంది.

నవంబర్ 22, మంగళవారం

దుమ్ములోకి పోవద్దన్నాడు డాక్టరు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని షెడ్డుకి పోయాను. నా సుత్తులు నా సొంతం, తెచ్చుకోవాలి. అక్కాతాయికి అదే చెప్పాను.

హిందురావు గదిలో ఫోను మాట్లాడుతున్నాడు. నన్ను చూసి అటు తిరిగాడు. మెషిను నేను పెట్టించిన చోటే ఉంది, గోడకి మూరెడు ఎడంగా. పిడికి పచ్చ గాజు. టిగ్ నడుస్తోంది. ట్యాంకు లోపల నీలం మంట, కేర్బా లోపల ఉన్నాడు. బయట మూతి ఎత్తున కట్టిన మంచె మీద కొత్తగా చేరినవాడు కొయ్యసుత్తి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేచాడు. "పో, మంచినీళ్ళు తాగిరా," అని మంచె ఎక్కి వాడి చోట కూర్చున్నాను.

అది ఆ ట్యాంకే. సంఘం వాళ్ళు మళ్ళీ పరీక్ష చేసి తీసుకుంటామన్నారట. మూతి నా ముఖానికి ఎదురుగా ఉంది. దాని చుట్టూ నా కుట్టు. సెప్టెంబరులో ముత్యాల వరస అని రాసుకున్నది.

నల్లద్దాలు తీశాను. వరస బాగుంది. చాలా బాగుంది. ఒక్కో అల నాణెం మీద నాణెం పేర్చినట్టు.

అలలు ఎదురు తిరిగి ఉన్నాయి.

వేలు పెట్టి తడిమాను. నమ్మక ఇంకోసారి చుట్టూ తడిమాను. నా చెయ్యి కుడి నుంచి ఎడమకి పోతుంది. ఈ చెయ్యి ఎడమ నుంచి కుడికి పోయింది. పక్కన రేకు రెండుసార్లు కాలిన రంగు. కిందిది సానబట్టి చెరిపేసి మళ్ళీ వేసిన గుర్తు. ఒక్కచోట, మడత బందు కింద, సానరాయి పోని మూలలో, కింది కుట్టు వేలి గోరంత మిగిలింది. ముద్దలు ముద్దలుగా, అతుకు గీతను వదిలేసి రేకు మీదికి పాకి. అది నా చెయ్యి.

ఓవర్‌టైమ్ యావ అని రాసుకున్నాను.

లోపలి నుంచి కేర్బా రెండు దెబ్బలు కొట్టాడు. బయటివాడి దెబ్బ ఆలస్యమైతే వాడే ముందు అడుగుతాడు. నేను కొట్టలేదు. సుత్తి చేతిలోనే ఉంది. వాడు మళ్ళీ కొట్టాడు. నేను కొట్టలేదు. బదులు రాకపోతే పని వదిలేసి బయటికి రావాలి, అది రూలు.

మంట ఆగింది. టార్చి ముందు బయటికి వచ్చింది. దాని మర బిగించి ఉంది. తర్వాత తాడు, తర్వాత కేర్బా తల. ముసుగు ఎత్తి నన్ను చూశాడు. ముఖం అంతా చెమట, మసి. ఇన్నేళ్ళలో వాడికి తల నెరవడం మొదలైందని నాకు తెలియదు.

"తాత్యా."

"ఈ మూతి కుట్టు ఎవరిదిరా?"

"మీదే తాత్యా."

"కళ్ళు బాగు చేయించుకున్నాను. ఇప్పుడు చెప్పు."

వాడు కుట్టుకేసి చూశాడు, నాకేసి చూశాడు. "కింద మీదే ఉంది. పైన ఒక్క చుట్టు నేను..."

"ఎన్నాళ్ళుగా?"

ముసుగు మీది మసి తుడిచాడు. గదిలోంచి హిందురావు ఫోను కింద పెట్టిన చప్పుడు వినిపించింది. గది తలుపు కొంచెం తెరుచుకుని మళ్ళీ మూసుకుంది. ఆయనకీ తెలుసు. అక్కాతాయికి తెలుసు. వాడి పెళ్ళానికి తెలుసు. సంఘానికి పోయిన ట్యాంకులన్నిటికీ తెలుసు. తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే.

"పాత మెషిను ఉన్నప్పటి నుంచీ," అన్నాడు చివరికి. "మీరు ఇంటికి పోయాక. ఎవరూ చెప్పమనలేదు తాత్యా. ఎలా చెప్పాలో తెలియక."

"ఒక్కసారి చెప్పి ఉంటే నేను ఆ ట్యాంకులోకి చూసేవాణ్ణి కాదు. చూసి ఖాళీ అనేవాణ్ణి కాదు. నువ్వు చచ్చేవాడివి కాదు."

"చావలేదు కదా తాత్యా."

కొట్టాలనిపించింది. నా పేరు పోయిందని దసరా నుంచీ ఏడుస్తున్నాను. అది ఎప్పుడో పోయింది. వీడు రాత్రిళ్ళు కూర్చుని దాన్ని అతికి, తెల్లారేసరికి నాదేనని నా చేతికి ఇస్తూ వచ్చాడు. దొంగతనం చేసినవాడిని తిట్టొచ్చు. దొంగచాటుగా పెట్టి పోయినవాడిని ఏమని తిట్టాలి? ఇంత చదివాను, ఆ మాట నాకు ఎక్కడా దొరకలేదు.

"లోపల ఇంకా ఎంత ఉంది?" అన్నాను.

"మూరెడు."

"తాడు చూసుకో."

ముడి లాగి చూపించాడు. ముసుగు దించుకుని దిగాడు. మంట అంటుకుంది. కొత్తవాడు నీళ్ళు తాగి వచ్చి పక్కన నిలబడ్డాడు, వాడి చోటు వాడికి ఇస్తానేమోనని. ఇవ్వలేదు.

కొయ్యసుత్తి ఎత్తి రెండు దెబ్బలు కొట్టాను. లోపలి నుంచి రెండు వచ్చాయి.

క్షమించి కొట్టలేదు. లోపల మనిషి ఉన్నాడు.